నాన్నగారికి స్మార్ట్ కేన్ కొనవచ్చా? చెన్నైలో వాడుతున్నవారి అనుభవం తెలుపగలరు

విల్లివాక్కం వాసి
జూలై 6, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. గ్లకోమా, అంటే మన పెద్దలు నీటికాసులు అనే జబ్బు వల్ల చూపు అంచుల నుంచి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. గత రెండేళ్లుగా వెలుతురుకూ చీకటికీ ఉన్న తేడా తప్ప ఆయనకు మరేమీ తెలియడం లేదు. ఎనిమిది నెలలుగా తెల్లకర్ర పట్టుకొని రోజూ సాయంత్రం సౌమ్య దామోదర పెరుమాళ్ గుడికి ఒక్కరే వెళ్లి వస్తున్నారు. ఇంటి నుంచి గుడి గుమ్మానికి 640 అడుగులని ఆయనే లెక్కపెట్టి చెప్పారు.

పోయిన గురువారం మా వీధి మలుపులో ఇనుప కడ్డీలు వేసుకొని ఒక చిన్న లారీ ఆగి ఉంది. కడ్డీల కొసలు బండి వెనుకకు నాలుగడుగుల మేర పొడుచుకొని ఉన్నాయి. చక్రాలు ఇంకా ముందుకు ఉండడంతో కర్రకు ఏమీ తగలలేదు. కర్ర కడ్డీల కింద ఖాళీలో సాగిపోయింది, నాన్నగారి నుదురు మాత్రం కడ్డీకి కొట్టుకుంది. ఎడమ కంటికి అంగుళం పైన మూడు కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి అమ్మ ఆయనను ఒంటరిగా గేటు దాటనివ్వడం లేదు. ఆయన కూడా ఏమీ అనకుండా సాయంత్రాలు వరండాలో కూర్చుంటున్నారు. అది నాకు కుట్లకంటే ఎక్కువ బాధగా ఉంది.

ఎదురుగా ఉన్న అడ్డంకిని ముందే పసిగట్టి చేతికి తెలిపే స్మార్ట్ కేన్ ఉందని విన్నాను. ఈ వయసులో ఆయన దానిని నేర్చుకోగలరా? మన వీధుల్లో అది పనిచేస్తుందా? వాడినవారు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.


అంబత్తూరు ప్రయాణికుడు
జూలై 6, మధ్యాహ్నం 1:15

నమస్కారమండీ. నాన్నగారి గాయం త్వరగా మానాలని కోరుకుంటున్నాను. నేను పుట్టుకతోనే చూపు లేనివాడిని. బ్యాంకు ఉద్యోగం. అంబత్తూరు నుంచి సెంట్రల్ వరకు ఎలక్ట్రిక్ ట్రైనులో రోజూ రాకపోకలు చేస్తాను. ఆరేళ్లుగా స్మార్ట్ కేన్ వాడుతున్నాను కనుక తెలిసినది చెబుతాను.

మీ నాన్నగారికి జరిగినది మాలో చాలామందికి జరిగినదే. మామూలు తెల్లకర్ర మోకాలి కింద ఉన్నవాటినే చెబుతుంది. మెట్టు, రాయి, గోడ అంచు, నిలిపి ఉంచిన బండి చక్రం దానికి దొరుకుతాయి. నడుముకు పైన గాలిలో ఉండేవి దానికి దొరకవు. సగం దించిన దుకాణం షట్టరు, వీధిలోకి తెరిచిన కిటికీ రెక్క, వంగిన వేపకొమ్మ, లారీ వెనుక పలక, ఏసీ పెట్టె, ఇవన్నీ ముఖానికే తగులుతాయి. స్మార్ట్ కేన్ చేసే మేలు సరిగ్గా ఈ చోటే.

ఎలా ఉంటుందో చెబుతాను. దారి ఖాళీగా ఉన్నంతసేపు పిడి మౌనంగా ఉంటుంది. ఎదురుగా ఏదైనా రాగానే జేబులో ఫోను మోగినట్టు అరచేతి కింద సన్నగా అదురు మొదలవుతుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ అదురు మారుతుంది. నేను వెంటనే ఆగుతాను. ఎడమచేతిని ముఖానికి అడ్డంగా, అరచేయి బయటికి ఉండేటట్టు ఎత్తి, అర అడుగు ముందుకు వేస్తాను. కొమ్మ అయితే ఆకులు తగులుతాయి, షట్టరు అయితే చల్లని రేకు తగులుతుంది. అప్పుడు తల వంచాలో పక్కకు జరగాలో నేనే నిర్ణయించుకుంటాను. ఆ పరికరం ఏదో ఉందని మాత్రమే చెబుతుంది, అది ఏమిటో చెప్పదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. గోతిని స్మార్ట్ కేన్ చెప్పదు. పలక ఊడిన వాననీటి కాలువనూ, ప్లాట్‌ఫారం అంచునూ చెప్పదు. వాటిని కర్ర కొస మాత్రమే చెబుతుంది. పరికరం ఉంది కదా అని కొసను నేలమీద ఆడించడం మానేస్తే నుదుటి గాయం తప్పి కాలు విరుగుతుంది.


సర్క్యూట్ బోర్డు
జూలై 6, రాత్రి 9:05

ప్రయాణికుడు గారు చెప్పినదానికి వెనుక ఉన్న పనితీరును కొద్దిగా వివరిస్తాను. నేను గిండీలో ఎలక్ట్రానిక్స్ పనిలో ఉన్నాను.

ఈ కర్రలలో ఎక్కువవాటిలో ఉండేది అల్ట్రాసౌండ్ సెన్సారు. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. ఇలాంటి సెన్సార్లు సాధారణంగా 40,000 కంపనాల వద్ద పనిచేస్తాయి కనుక ఆ చప్పుడు మనకు వినిపించదు. సెన్సారు చిన్న కూత ఒకటి పంపి, అది దేనికైనా తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. మన చెన్నై వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. 3 మీటర్ల దూరంలో లారీ ఉంటే, రానూ పోనూ 6 మీటర్లకు సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్కను అదురుగా మార్చి చేతికి అందిస్తుంది. మామూలు నడకలో మనం సెకనుకు దాదాపు ఒక మీటరు నడుస్తాం కాబట్టి, 3 మీటర్ల ముందు తెలియడమంటే మూడు సెకన్ల వ్యవధి దొరకడం. మీ నాన్నగారు ఆగడానికి అది చాలు.

ఇదే పనితీరు దీని లోపాలను కూడా చెబుతుంది. ఏటవాలుగా ఉన్న గాజు పలక మీద పడిన ధ్వని తిరిగి రాకుండా పక్కకు జారిపోతుంది. ఆరవేసిన దుప్పటి వంటి మెత్తని గుడ్డ దానిని పీల్చేసుకుంటుంది. సన్నని తీగ నుంచి తిరిగి వచ్చే ధ్వని చాలా బలహీనంగా ఉంటుంది. గొయ్యి అంటే అక్కడ తగలడానికి ఏమీ లేదు కనుక ముందుకూ పైకీ చూసే సెన్సారు దానిని పట్టుకోలేదు.

మన దేశంలో పేరున్నది ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ బృందం రూపొందించిన స్మార్ట్‌కేన్. అంధుల కోసం పనిచేసే సక్షమ్ ట్రస్టు వారితో కలిసి చేశారు. తయారీ బాధ్యత తీసుకున్నది మన చెన్నైకి చెందిన ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్, నెలలు నిండని పసిపిల్లలకు వాడే ఇంక్యుబేటర్లు చేసే సంస్థ. 2014లో విడుదలైనప్పుడు ధర సుమారు 3,000 రూపాయలు. మడతపెట్టే తెల్లకర్ర పైభాగానికి బిగించే పిడి అది, కావాలంటే తీసివేయవచ్చు, ఛార్జి చేసుకోవచ్చు. ఇంట్లో నడవడానికి 1.8 మీటర్లు, బయట నడవడానికి 3 మీటర్లు అని రెండు పరిధులు ఉంటాయి.


టెక్సాస్ మేనల్లుడు
జూలై 7, ఉదయం 6:20

డబ్బుకు ఇబ్బంది లేకపోతే తుర్కియేలో (టర్కీలో) తయారైన వీవాక్ అనే స్మార్ట్ కేన్ గురించి కూడా ఆలోచించండి. దానిని రూపొందించినవారిలో ఒకరైన కుర్షాత్ జెయ్లాన్ స్వయంగా చూపులేనివారు. 2019లో టైమ్ పత్రిక ఆ ఏటి ఉత్తమ ఆవిష్కరణలలో దానిని చేర్చింది. అడ్డంకిని పసిగట్టడంతోపాటు ఫోనుకు అనుసంధానమై దారి కూడా చెబుతుంది. మొదట వచ్చినప్పుడు ధర 500 డాలర్ల దాకా ఉండేది. ఇక్కడి నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు పంపించవచ్చు.


నడక నేర్పే మాస్టారు
జూలై 7, ఉదయం 10:30

నేను పదిహేనేళ్లుగా చూపు కోల్పోయినవారికి నడక నేర్పుతున్నాను. ఏ పరికరం కొనాలనే చర్చకు ముందు విల్లివాక్కం వాసి గారిని ఒక ప్రశ్న అడుగుతాను. మీ నాన్నగారు ఇప్పుడు వాడుతున్న కర్ర ఎంత పొడవుంది? ఆయన నిటారుగా నిలబడి దానిని నేలకు ఆనించి నిలిపితే పైకొస ఎక్కడిదాకా వస్తుంది? ఆ కర్రతో నడవడం ఎవరు నేర్పారు?


విల్లివాక్కం వాసి
జూలై 7, రాత్రి 8:10

మాస్టారు గారూ, మీరు అడిగాక కొలిచాను. నడుము దాకా వస్తోంది. అది మందుల దుకాణంలో కొన్న మడతకర్ర, రంగు తెలుపే. నేర్పినవారు ఎవరూ లేరండీ. ఆయనే అలవాటు చేసుకున్నారు. దానిని ముందుకు చాపి, తడుముతున్నట్టు అప్పుడప్పుడు నేలను తాకిస్తారు.


నడక నేర్పే మాస్టారు
జూలై 8, ఉదయం 6:45

నేను అనుకున్నంతా అయింది. మీ మీద తప్పేమీ లేదు, చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. నడుము దాకా వచ్చేది బరువు మోపి నడిచే ఊతకర్ర. దారి వెతికే కర్ర వేరు. అది ఛాతీ మధ్య ఎముక దాకా రావాలి, వేగంగా నడిచేవారికి ఇంకా కొంచెం పొడవున్నా మంచిదే. పొట్టి కర్ర కొస ఒక వస్తువుకు తగిలేసరికి మనిషి దాదాపు దాని మీదకు వచ్చేసి ఉంటాడు.

ఈ తేడా తెలుసుకోవడానికి లోకానికే చాలా కాలం పట్టింది. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫరు ప్రమాదంలో చూపు కోల్పోయి, బండ్లు నడిపేవారికి తాను కనబడాలని తన కర్రకు తెల్లరంగు వేసుకున్నారు. ఆ రంగు ఎదుటివారి కోసం. చూపు లేనివారికే దారి చెప్పే పొడవైన కర్రనూ, దానిని ఆడించే పద్ధతినీ రిచర్డ్ హూవర్ రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికన్ సైనికులకు నేర్పుతూ 1944 తరువాత రూపొందించారు. మీ నాన్నగారి చేతిలో రంగు ఉంది, పద్ధతి లేదు.

పద్ధతి ఇది. కర్ర పిడి బొడ్డుకు ఎదురుగా, శరీరం మధ్యలో ఉండాలి. కొస భుజాల వెడల్పు కంటే రెండంగుళాలు ఎక్కువగా అటూ ఇటూ కదలాలి. ఎడమకాలు ముందుకు పడేటప్పుడు కొస కుడివైపు నేలను తాకాలి, కుడికాలు పడేటప్పుడు ఎడమవైపు తాకాలి. అప్పుడు తరువాతి అడుగు పడబోయే చోటును కొస ముందే చూసి పెడుతుంది. చదవడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ, కాళ్లకూ చేతికీ లయ కుదరడానికి పెద్దవారికి మూడు నాలుగు వారాలు పడుతుంది. వరండాలోనే మొదలుపెట్టండి.

లయ కుదిరాకే పిడికి పరికరం బిగించండి. ముందే బిగిస్తే ఆయన మనసంతా అదురు మీదకు పోయి కొసను మరిచిపోతారు. మరొకటి, మామూలు కర్రను చేతిలో ఎలా తిప్పినా నడుస్తుంది. ఈ పిడి పక్కకు తిరిగితే సెన్సారు గోడను చూస్తూ ఉంటుంది, ఎదురుగా ఉన్న లారీని చూడదు. వేళ్లు సెన్సారుకు అడ్డం పడకూడదు. చూపుడువేలిని పిడి పక్కన చాపి ఉంచితే దిక్కు తప్పదు.

పూనమల్లిలో జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. నడక శిక్షణ గురించి అక్కడ అడగండి. ఆయనను వెంట తీసుకువెళ్లండి, ఆయన తరఫున మీరు ఒక్కరే వెళ్లవద్దు.


అడయారు టీచరు
జూలై 8, సాయంత్రం 5:50

నేనూ చూపు లేనిదాన్నే. స్కూల్లో సంగీతం చెబుతాను. స్మార్ట్ కేన్ ఏడాదిన్నర వాడి మానేశాను. నా అనుభవం కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను.

మొదటి కారణం జనం. టీనగర్ రంగనాథన్ వీధిలో సాయంత్రం ఏడింటికి నడిచి చూడండి. నాలుగు దిక్కులా మనుషులే కనుక పిడి ఒక్క క్షణం కూడా ఊరుకోదు. ఎప్పుడూ అదురుతూ ఉండే పిడి దేనినీ చెప్పనట్టే. రెండో కారణం మణికట్టు. మామూలు అల్యూమినియం కర్ర తేలికగా ఉంటుంది, పరికరం చేరాక పైభాగం బరువెక్కుతుంది. గంట నడిచాక నాకు వీణ మీద చేయి సరిగ్గా సాగేది కాదు. మూడో కారణం రిపేరు. నా పరికరం ఛార్జి నిలపడం మానేసినప్పుడు బాగుచేయించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఏ సంస్థదో చెప్పను. ఆ నాలుగు నెలలూ మామూలు కర్రతోనే నడిచాను, తరువాత అలాగే ఉండిపోయాను.

నేను చెవి మీద ఎక్కువ ఆధారపడతాను. ఆగి ఉన్న బస్సు పక్కకు వచ్చేసరికి రోడ్డు చప్పుడు ఒక వైపు మూసుకుపోతుంది, గాలి ఆగుతుంది. కర్ర కొస చేసే టక్కు టక్కు శబ్దం గోడ దగ్గర ఒకలాగా, సందు దగ్గర మరోలాగా వినిపిస్తుంది. పుట్టినప్పటి నుంచి చూపు లేని నాకు అది అలవాటు. అరవై దాటాక చూపు పోయిన మీ నాన్నగారికి ఆ చెవి ఇంకా ఏర్పడి ఉండకపోవచ్చు, అందుకే ఆయన విషయంలో నా మాటను కొట్టివేతగా తీసుకోవద్దు.


అంబత్తూరు ప్రయాణికుడు
జూలై 8, రాత్రి 10:20

టీచరు గారి మాటల్లో నిజముంది. జనసందోహంలో నేను కూడా పరికరాన్ని ఆపేస్తాను. సెంట్రల్‌లో దిగగానే ఆపి, సబ్‌వే దాటి ఖాళీ పేవ్‌మెంటు మీదకు వచ్చాక మళ్లీ వేస్తాను. ఆన్ చేసి ఉంచాల్సిన చోటు ఏదో, ఆపాల్సిన చోటు ఏదో తెలుసుకోవడమే దీని వాడకంలో సగం. 1.8 మీటర్ల పరిధికి మార్చినా జనంలో కొంత నయం.

టెక్సాస్ మేనల్లుడు గారికి ఒక మనవి. దారి చెప్పడానికి నా ఫోనులో తెర మీదివి చదివి వినిపించే టాక్‌బ్యాక్, మ్యాపు ఎలాగూ ఉన్నాయి. రోడ్డు మీద చెవులు బండ్ల కోసం ఖాళీగా ఉండాలి కాబట్టి కర్ర మాట్లాడకుండా అదురుతో చెప్పడమే నాకు నచ్చింది. పైగా అంత ఖరీదైన కర్ర రద్దీ ట్రైనులో విరిగితే ఎక్కడికి పంపాలి? గుడికి రోజూ ఒకే దారిన వెళ్లే పెద్దాయనకు దారి చెప్పేది అక్కరలేదు, దారిలో కొత్తగా వచ్చి నిలిచినది చెబితే చాలు.


కొళత్తూరు గృహిణి
జూలై 9, ఉదయం 11:00

మా వారికి రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి లోపలి పొర పాడై చూపు తగ్గిపోయే జబ్బు. అమ్మగారి భయం నాకు తెలుసు కనుక రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. చూపు లోపం 40 శాతానికి తగ్గకుండా ఉందని సర్టిఫికెట్టు ఉంటే యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) వస్తుంది. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద శిబిరాల్లో స్మార్ట్ కేన్లు ఇస్తున్నారు, కానీ దానికి ఆదాయ పరిమితి ఉంది. నాన్నగారి పెన్షను చూసుకోండి. పరిమితి దాటితే కొనుక్కోవాల్సిందే. అయినా కార్డు మాత్రం తప్పక చేయించండి, ఇతర పనులకు పనికివస్తుంది.

ఇక అమ్మగారి సంగతి. మా వారు మొదటిసారి ఒంటరిగా బయలుదేరిన రోజు నేను చేయి పట్టుకొని ఆపాను. అప్పుడు ఆయన అన్నది నేను మరిచిపోలేదు. "నాకు దెబ్బ తగులుతుందని నీ భయం, నేను ఇంట్లోనే ఉండిపోతానని నా భయం" అన్నారు. అమ్మగారిని కూడా శిక్షణకు తీసుకువెళ్లండి. కళ్లకు గుడ్డ కట్టుకొని ఆ కర్రతో పది అడుగులు వేయమనండి. నేను అలా చేశాకే అదురు అంటే ఏమిటో, కొస అంటే ఏమిటో నాకు అర్థమైంది. చేయి పట్టుకొని లాగడం మానేసి, నా మోచేతిని ఆయనకు అందించడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.


విల్లివాక్కం వాసి
ఆగస్టు 24, రాత్రి 9:30

ఏడు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించండి. జరిగినదంతా చెబుతాను.

ముందు ఛాతీ దాకా వచ్చే కర్ర కొన్నాం. ఐదు వారాలు వరండా, మేడమెట్లు, ఆ తరువాత వీధి చివరి వరకు. నాన్నగారు ఫిట్టరు కదా, లయను తానే పట్టుకున్నారు. "ఇది సుత్తి దెబ్బలాంటిదేరా, ఒకటి ఇటు, ఒకటి అటు" అన్నారు. రెండు వారాల క్రితం స్మార్ట్‌కేన్ పిడి బిగించాం. మొదటి రోజే దానిని విప్పి, ప్రతి మరనూ వేలితో తడిమి, సెన్సారు ఎటు చూస్తుందో తెలిసేలా పిడి వెన్ను మీద దారం చుట్టుకున్నారు. ఇప్పుడు చూపుడువేలు దారం మీదే ఉంటుంది.

గుడికి వెళ్లే దారిలో 210వ అడుగు దగ్గర ఒక వేపకొమ్మ ఉందని మాకు ఇన్నాళ్లూ తెలియదు. ఆయన తలకు జానెడు పైనుంచి పోతోందట. పిడి అదరగానే ఆగి, చేయి ఎత్తి, ఆకు తుంచి నాకు ఇచ్చారు. నిన్న శనివారం అదే మలుపులో మళ్లీ ఒక లారీ ఆగి ఉంది. ఈసారి కడ్డీలు లేవు, వెనుక పలక దించి ఉంది. నేను ఎదురింటి అరుగు మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆయన రెండు మీటర్ల దూరంలో ఆగారు. అర అడుగు వేసి, చేతి వెనుకభాగంతో పలక అంచును తాకి, దాని వెంట నడిచి పక్కకు వచ్చేశారు. అమ్మ కూడా ఇరవై అడుగుల వెనుక చప్పుడు చేయకుండా వస్తోంది. గుడి గుమ్మం దగ్గర ఆయన వెనక్కు తిరిగి, "చెప్పులు అరిగిపోయాయి, కొత్తవి కొనుక్కో" అన్నారు.

ఒక సమస్య మిగిలింది. గుడి వీధిలో కాలువ పలకలు రెండు చోట్ల లేవు. వాటిని కొసతోనే కనిపెడుతున్నారు. అక్టోబరు వస్తే అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అప్పుడు ఏం చేయాలి?


నడక నేర్పే మాస్టారు
ఆగస్టు 25, ఉదయం 6:30

చాలా సంతోషం. ఆ దారం చుట్టే పద్ధతిని నేను కూడా ఇకపై నేర్పుతాను.

నీళ్లు నిలిచిన రోజున కొసను నేల మీద ఎత్తి ఎత్తి తాకించకూడదు, నేలను విడవకుండా రాస్తూ పోవాలి. అడుగు చిన్నదిగా వేయాలి. ఆ రెండు చోట్లు ఎన్నో అడుగున ఉన్నాయో ఇప్పుడే లెక్క కట్టించండి, ఆ కాలువకు ఎదుటి పక్కన నడిచే దారిని ఇప్పుడే అలవాటు చేయండి. వానలు మొదలయ్యాక కొత్త దారి నేర్పడం కష్టం. సెన్సారు ముఖం మీద నీటిబొట్టు నిలిస్తే తప్పుడు అదురు రావచ్చు కనుక తుడుచుకోవడానికి జేబులో ఒక మెత్తని గుడ్డ ఉంచండి.


విల్లివాక్కం వాసి
ఆగస్టు 25, రాత్రి 8:50

లెక్క కట్టామండీ. ఒకటి 388వ అడుగు, రెండోది 455. రేపటి నుంచి ఎదుటి పక్కన, పాలబూతు వైపు నడిచి వెళతామని నాన్నగారు అన్నారు.